సౌండ్ బంద్ చేసి చెప్పిన పాఠం

ఆదివారం పొద్దున హెడ్మాస్టరు గారు ఫోన్ చేశారు. "మన సైన్స్ సార్ ఇగ లేడమ్మా. గుండె ఆగిపోయిందట. కోదాడకు, వాళ్ళ ఇంటికి తీస్కపోతున్నరు." "సరే సార్" అన్నాను. సరే అనడమేమిటి? ఫోన్ పెట్టేసి, మర్నాటికి చీర ఇస్త్రీ చేసుకున్నాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

గరిడేపల్లి బడిలో నేను తెలుగు చెబుతాను. సైన్స్ సారూ నేనూ మిర్యాలగూడ నుంచి ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. బడిలో నెట్ లేదు. అందుకని ఆయన శనివారం సాయంత్రాలు మిర్యాలగూడ నెట్ సెంటర్‌లో కూర్చుని, పాఠానికి పనికొచ్చే వీడియోలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకునేవారు. అన్నీ ఇంగ్లీషువే. క్లాసులో సౌండ్ బంద్ చేసి, బొమ్మ కదులుతుంటే తానే చెప్పేవారు. ఆ మాటలు బస్సులోనే పెదవులు కదుపుతూ సరిచూసుకునేవారు. పక్క సీటు ముసలమ్మ ఒకసారి అడిగింది, "ఏ దేవునికి మొక్కుతున్నవ్ బిడ్డా?" అని. "ఎనిమిదో తరగతికమ్మా" అన్నారు.

"పుస్తకం ఉండగా ఈ సినిమాలెందుకు సార్?" అని నేను ఎగతాళి చేసేదాన్ని. గింజ మొలకెత్తే వీడియో పెట్టిన రోజు ఆయన మాట గోడ అవతల నుంచి వినిపించింది. "పది దినాల పని రెండు నిమిషాలల్ల సూపిచ్చిండ్రు. మీరు గిట్ల తొందరపడకుండ్రి. గింజకు దాని టైం గావాలె." నా పాఠం ఆపి విన్నాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్పాల్సింది.

ఆ వీడియోకే పిల్లలకు ఒక పని అప్పగించారు. ఇంటి దగ్గర గింజలు నాటి, చూసింది చూసినట్టు, సౌండ్ లేని వీడియో పక్కన నిలబడి చెప్పాలి. ఆయన ఫోన్‌లో రికార్డు చేసి, వెంటనే వాళ్ళకే వినిపించేవారు. అందరూ చెప్పారు. గొర్లు కాసే ఇంటి పిల్ల ఒక్కతే మిగిలింది. హాజరుకు కూడా చెయ్యెత్తడమే తప్ప పలకదు.

"ఆ పిల్ల నోరు విప్పదు, మార్కులు వేసేయండి సార్" అన్నాను.

"మార్కులదేముంది మేడం, ఎప్పుడన్న ఏస్త. ఆమె మాట ఒక్కపారి ఆమె చెవిల పడాలె. సోమవారం ఆమె వంతు. సూద్దాం."

సోమవారం బడికి సెలవిచ్చారు. మంగళవారం ఆయన పీరియడ్‌కు నన్ను పంపారు. ఆ శనివారం ఆయన తీసుకెళ్ళనట్టుంది, పెన్‌డ్రైవ్ స్టాఫ్‌రూమ్ బీరువాలోనే ఉంది. ల్యాప్‌టాప్‌కు పెట్టి గింజ వీడియో నొక్కాను. సౌండ్ బంద్ చేయాలని తట్టలేదు. ఎవరో ఇంగ్లీషాయన గొంతు గదంతా మోగింది. పిల్లలు బిత్తరపోయారు. ఆ వీడియోకు వేరే గొంతు ఒకటి ఉందని వాళ్ళకు తెలియదు.

గొర్లు కాసే ఇంటి పిల్ల లేచి వచ్చింది. సౌండ్ తానే బంద్ చేసింది. నేను నా ఫోన్ తీసి పట్టుకున్నాను.

"గింజ ముందుగాల ఉబ్బుతది" అని మొదలుపెట్టింది. "మా ఇంటికాడ వడ్లు నానబెట్టి గోనెసంచిల కట్టిపెడ్తె మూడోనాడు మొలకొచ్చింది. వేరు కిందికే పోతది. తలకిందులు పెట్టిన గూడ తిరిగి కిందికే పోతది." గొంతు కాస్త బొంగురుగా ఉంది. సార్ చెప్పినట్టు కాదు, తాను చూసినట్టు చెప్పింది. తెర మీద ఆకు విప్పుకునే దాకా ఎక్కడా ఆగలేదు.

"మేడం, నా మాట ఇనిపియ్యరా?"

ఫోన్ చూసుకున్నాను. రికార్డు నొక్కనేలేదు. ఆ పిల్ల దగ్గరికొచ్చి, వినడానికి జుట్టు చెవి వెనక్కి తోసుకుని నిలబడింది.