పెళ్లిచూపుల్లో కోల్డ్ కాఫీ

మాది ధర్మవరం. ఇంట్లోనే పట్టుచీరలు నేస్తాం. ఎనిమిదో తరగతికే బడికి దండం పెట్టిన నాకు మగ్గం కన్నా ఫోన్లో వంటల వీడియోలే బాగా వంటబట్టాయి. పోయిన ఎండాకాలం మా అక్కను చూడ్డానికి హిందూపురం వాళ్లు వస్తున్నారంటే, "టీ ఎవరైనా ఇస్తారు, నేను ఐస్‌క్రీమ్ వేసి కోల్డ్ కాఫీ చేస్తా" అన్నాను. అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. అమ్మ భయపడుతూనే ఒప్పుకుంది.

ఫ్రిజ్‌లో గిన్నెడు పాలు కనిపించాయి. కాఫీపొడి, చక్కెర, ఐస్‌క్రీమ్ వేసి మిక్సీ తిప్పాను. ఎంత చిక్కగా వచ్చిందంటే నా పనితనానికి నాకే ముచ్చటేసింది.

పెళ్లికొడుకు నాయన ఒక గుక్క తాగి, మింగలేక ఉమ్మలేక కూర్చున్నాడు. అంతలో లోపలి నుంచి అవ్వ అరిచింది.

"ఒరేయ్, పడుగు దారాలకు పూయాలని ఫ్రిజ్‌లో పెట్టిన గంజి యాడరా?"

నేను పాలనుకుని మిక్సీలో పోసింది అదే. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పెద్దాయనా నేతగాడే. కష్టపడి మింగి, గ్లాసులో వేలు ముంచి జిగట చూశాడు.

"ఈ గంజి కాచిందెవురప్పా?"

"మా అక్క" అన్నాను.

"ఐస్‌క్రీమ్ కలిపినా జిగట పోలేదు. భలే కాచింది! పిల్ల మాకు నచ్చింది. నువ్వు మాత్రం పెండ్లిలో వంటల కాడికి రావద్దప్పా!"

అక్క కూడా నవ్వేసింది. ఇప్పటికీ మా బావ మా ఇంట్లో మంచినీళ్లిచ్చినా వాసన చూసే తాగుతాడు. ఎవరేమన్నా, ఆ సంబంధం కుదిర్చింది నేనేనని ఊరంతా చెప్పుకుంటున్నాను.