నిన్నటితో పోలిక

ఆఫీసులో ఆయన్ని అందరూ తేడా మాస్టారనే పిలుస్తారు. పొద్దున్నే ఎవరు ఎదురుపడినా "ఏమైనా తేడా ఉందా?" అని అడగడం ఆయన అలవాటు మరి. రెండువేల కంప్యూటర్లను ఒక్కటిగా కలిపి కట్టిన మహాయంత్రం ఆయన చేతిలో ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఎవరు వేలు పెట్టినా పెట్టకపోయినా, రోజూ పొద్దున ఆయన రాసిన పరీక్షలు వాటంతట అవే నడుస్తాయి. పాత లెక్కలకు పాత జవాబులే రావాలి, అంతే సమయంలో రావాలి. జవాబు మారినా, నూటికి అయిదు వంతులు ఆలస్యమైనా తెర మీద ఎరుపు. లేదంటే పచ్చ.

మొదటిరోజు పట్టిన సమయంతో పోలిస్తే చీటికీమాటికీ ఎరుపు వస్తోందని పై అధికారి సణిగాడు. పోరు పడలేక మాస్టారు ప్రోగ్రాములో ఒక్క వరుస మార్చారు. ఇకనుంచి పోలిక మొదటిరోజుతో కాదు, నిన్నటితో. ఆ వరుసే కొంప ముంచింది. ఏడాది పొడవునా పచ్చ తప్ప ఎరుపన్నది లేదు. మాస్టారు మీసం మెలేశారు కూడా.

ఇంట్లోనూ అదే వరస. భార్య బట్టలు కుడుతుంది. ఈమధ్య కాస్త ఆయాసం. సాయంత్రం ఆయన రాగానే "ఎలా ఉన్నానండీ?" అంటుంది. ఆయన కళ్లజోడు సవరించుకుని చూసి, "నిన్నటిలాగే ఉన్నావు" అంటారు. అబద్ధం కాదు. నిజంగానే నిన్నటిలాగే ఉండేది.

ఒకరోజు వాతావరణ శాఖావిడ వచ్చి కూర్చుంది.

"మాస్టారూ, గంటలో వచ్చే లెక్క గంటన్నర పడుతోందండీ."

"భలేవారే! ఒక్క పరీక్షా తప్పలేదు."

అన్నారే గానీ మనసొప్పక మొదటిరోజు ఫైలు తెరిచారు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. గాలి జల్లెడల్లో దుమ్ము పేరుకుని, రోజుకింత చొప్పున యంత్రం వేడెక్కి నెమ్మదించింది. ఏ రోజూ నిన్నటికంటే పెద్ద తేడా లేదు. మాస్టారికి తల కొట్టేసినట్లయింది. తలనొప్పని చెప్పి మధ్యాహ్నమే ఇంటికి బయల్దేరారు.

మెట్ల మీద భార్య కూర్చుని ఉంది, పక్కన కూరల సంచీ. మొదటి అంతస్తే ఇంకా.

"ఇక్కడ కూర్చున్నావేం?"

"రోజూ కూర్చుంటానుగా. ప్రతి అంతస్తుకీ కాసేపు."

ఈ ఇంట్లో దిగిన రోజు ఆయనకు చటుక్కున గుర్తొచ్చింది. కుట్టుమిషను తలను చంకనెత్తుకుని మూడంతస్తులూ ఆగకుండా ఎక్కేసి, వెనక వగరుస్తూ వస్తున్న మొగుణ్ణి చూసి పడీపడీ నవ్విన మనిషి! మాస్టారు ఆ మెట్టు మీదే ఆమె పక్కన కూలబడ్డారు.

ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయన్నాడు డాక్టరు. ఏడాది ముందు తీసుకొచ్చి ఉంటే ఏదో ఒకటి చేసేవాళ్లమన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి, ఆకులైనా మిగల్లేదు.

యంత్రానికి జల్లెడలు మార్చారు. నాలుగు రోజుల్లో మొదటిరోజు వేగం వచ్చేసింది. మాస్టారు ఆ వరుస చెరిపేసి, పోలికను మళ్లీ మొదటిరోజుకే కట్టేశారు. అక్కణ్ణుంచి తిన్నగా ఆసుపత్రికి వెళ్లారు.

ముక్కుకు గొట్టంతో ఆమె కళ్లు తెరిచింది.

"ఎలా ఉన్నానండీ?"

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. ఆ కళ్లకు మిషను మోసుకెళ్తున్న మనిషి తప్ప ఇంకెవరూ కనబడటం లేదు.

"నిన్నటిలాగే ఉన్నావు."

"మరెందుకండీ ఏడుస్తున్నారు?"