మొలతాడుకు చక్కెర తాళం

బాలకిషన్ గారు ముప్పై ఏళ్లు ఒక ప్రైవేటు దవాఖానాలో కాంపౌండరుగా చేసి దిగిపోయారు. అయినా చిక్కడపల్లిలోని మా గల్లీకి ఆయనే డాక్టరు. ఆయన గర్వం చూస్తే నాకు ఒళ్లు మండేది. 2011లో వాళ్ల పై గదిలో కిరాయికి ఉండి గ్రూప్స్‌కు చదువుకునేదాన్ని, రోజూ చూడక తప్పేది కాదు.

ఆయన భార్య ప్రభావతమ్మకు షుగరు. పొద్దున్నే ఇరవై యూనిట్ల ఇన్సులిన్ ఆయనే ఇచ్చేవాడు. ఆమె దొంగతనంగా తింటుందని చక్కెర డబ్బాను బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. వచ్చినవాళ్లకు అది చూపించి నవ్వేవాడు. పాపం, ఆమె కూడా నవ్వేది.

ఒకసారి డాక్టరు మందు మార్చాడు. పాత సీసాలో మిల్లీలీటరుకు నలభై యూనిట్లు, కొత్తదానిలో వంద. మందుల షాపతను పాత ఎర్ర మూత సిరంజిలు ఇక వద్దని, నారింజ మూతవి చేతికిచ్చి మరీ చెప్పాడు. ఈయన వాటిని మూలకు పడేశాడు.

"జర డాక్టరుని అడిగి ఇయ్యున్రి," అంది ప్రభావతమ్మ.

"నాకు నేర్పుతవా? ఇరవై గీత ఏ సిరంజిల అయినా ఇరవయ్యే."

పాత సిరంజిలోనే ఇరవై గీత దాకా లాగి పొడిచాడు. ఆ గీతకు పట్టేది అర మిల్లీలీటరు; కొత్త మందు లెక్కన ఆమె ఒంట్లోకి పోయింది యాభై యూనిట్లు.

నేను నీళ్లకు కిందికి దిగేసరికి ఆమెకు ఒళ్లంతా చెమటలు. వణికే చేతులతో ఆయన ముందు దోసిలి పట్టింది.

"జర చక్కెర పెట్టున్రి. కండ్లు తిరుగుతున్నయి."

"చూసినవా రేణుకా, నాటకం. షుగరున్నోళ్లకు చక్కెర పెడ్తరా?"

నా గదిలో చక్కెర ఉంది. పరీక్ష దగ్గరపడింది, వైద్యం సంగతి ఆయనకు తెలియదా అనుకుని బిందె ఎత్తుకుని మెట్లెక్కాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

గంట తర్వాత ఏదో పడిన చప్పుడైంది. దిగి చూస్తే ఆమెకు ఫిట్స్. ఆయన మొలతాడు ముడి విప్పుకోలేక పెనుగులాడుతున్నాడు. ఆటోలో తీసుకుపోయాం. ప్రాణం దక్కింది కానీ మెదడు దెబ్బతిందన్నారు. ఎంత ఇచ్చారని డాక్టరు అడిగితే, "ఇరవయ్యే" అన్నాడు.

మూడేళ్ల తర్వాత, ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళ్లాను. ప్రభావతమ్మకు మాట లేదు, మనుషులను గుర్తుపట్టదు. నన్ను చూసి దోసిలి పట్టింది.

"చూసినవా," అన్నాడాయన, మొలతాడు సర్దుకుంటూ. "ఇంకా చక్కెరే అడుగుతది."