చాబీ ఏది?

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ సందులో నాకొక కంప్యూటర్ రిపేరు గది ఉండేది. నేను గుంటూరు వైపు నుంచి వచ్చినవాణ్ని. చైతన్యపురిలో ఆడపిల్లల హాస్టల్ నడిపే ఒక నల్గొండ అక్క తన కంప్యూటర్‌ను నా దగ్గరికే తెచ్చేది.

అందులో ఆమె చనిపోయిన తల్లి గొంతు ఉంది. ఎప్పుడో పాడైన పాత ఫోన్లో రికార్డు చేసుకున్న ముచ్చట్లు, నాట్ల పాటలు.

"జర తాళమెయ్యి తమ్ముడూ. మా అమ్మ తిట్లు గూడ ఉన్నయి అండ్ల. హాస్టల్ పోరీలు ఇని నవ్వుతరు."

ఆమె లాగిన్‌లో తప్ప ఎవరికీ తెరుచుకోకుండా ఆ ఫోల్డర్‌ను ఎన్‌క్రిప్ట్ చేశాను. ఫైళ్ల పేర్లు పచ్చరంగుకు మారాయి.

"తాళమేస్తివి, చాబీ ఏది?"

"చాబీ ఏంటక్కా, తాళంచెవి అనాలి."

"ఓయబ్బ, మీ తాళాలకు చెవులుంటయా? ఇంటయా?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వుల్లో ఆమె అడిగినదానికి జవాబు ఎగిరిపోయింది. తాళంచెవిని వేరేచోట దాచుకోమని తెర మూలన కంప్యూటర్ కూడా అడిగింది. చదవకుండా మూసేశాను.

కొన్నాళ్లకు వైరస్ పట్టి ఆ కంప్యూటర్ మళ్లీ వచ్చింది. మర్నాడు బంద్. త్వరగా షట్టర్ దించాలన్న తొందరలో ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి ఎక్కించాను. అదే కంప్యూటర్‌లో డిస్కు నుంచి ఒక పాట తెరిచాను, వినిపించింది. ఇక చాలనుకుని కంప్యూటర్‌లో ఉన్న పాతదంతా చెరిపేశాను. ఆ పాటను తెరిచిన తాళంచెవి నేను చెరిపేసినదాంట్లోనే ఉంది. డిస్కును ఇంకో కంప్యూటర్‌కు పెట్టి చూసుంటే ముందే తెలిసేది. చూడలేదు. పచ్చటి పేర్లన్నీ మిగిలాయి. ఒక్కటీ తెరుచుకోలేదు.

బంద్ అయ్యాక ఆమె వచ్చింది. ఎల్బీనగర్ చౌరస్తాలో నినాదాలిచ్చి గొంతు బొంగురుపోయింది.

"బంద్ రోజు కరెంటు పోయి పాడైపోయాయక్కా" అన్నాను.

ఆమె డిస్కును చేతిలోకి తీసుకుంది. "మా బంద్ తోటేనా తమ్ముడూ?"

నేను కాదనలేదు.

తర్వాతి ర్యాలీ ఆమె హాస్టల్ ముందు నుంచే వెళ్లింది. ఆమె గేటు దగ్గరే నిలబడిపోయింది. రాలేదేమని ఎవరో పిలిస్తే, "నేను రాను పొండి, మన బంద్ తోటే మా అమ్మ గొంతు పోగొట్టుకున్న" అంది. ఆ మాట ఎదుటి ఫుట్‌పాత్ మీదున్న నాకు వినిపించింది. ర్యాలీ దాటగానే రోడ్డు దాటి వెళ్లి జరిగిందంతా చెప్పాను. కరెంటు పోలేదని, పోగొట్టింది నేనేనని.

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నేనడిగిన గదా, చాబీ ఏదని."

గేటు మూస్తూ అంది: "మా అమ్మ ఉంటే నిన్ను మస్తు తిట్టేది."

ఆ తిట్లు ఇక ఆమెకు కూడా వినిపించవు. తాళం వేసింది నేనే.