అవ్వ తొడుక్కున్న నిక్కరు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల దుమ్ముగూడెం రోడ్డు మీది ముసలోళ్ల ఆశ్రమంల నేను వార్డెన్ పని చేసిన. నా నోటికి అందరు జడిసేటోళ్లు, ఒక్క అవ్వ తప్ప. గోదారి ఒడ్డు అడవి ఊరి నుంచి వచ్చిందామె. మనిషి పుల్లలెక్క ఉంటది, మాట మాత్రం గట్టిది. ఎండకాలం మొదలైతె చాలు, తెల్లారేసరికి వెనక గేటు తీసుకొని ఇప్పచెట్టు కిందికి పోయి రాలిన పువ్వు ఏరేది. ఇప్పపువ్వు ఏరని ఎండకాలం ఆమె లెక్కల ఎండకాలమే కాదు.

నా భయమల్లా ఆ చెట్టు వేర్లతోనే. పోయిన వానకాలం అవ్వ పక్క మంచం ముసలామె బాత్రూంల జారి తుంటి విరగ్గొట్టుకున్నది. మంచం పట్టిన మనిషి మళ్ల లేవలే, చలికాలం చూడలే. మా దగ్గరికి వారానికోసారి వచ్చే డాక్టరు సారు, అవ్వకు గూడ తుంటి విరిగితె అదే గతి, పైలం అన్నడు. గేటుకు తాళం వేస్తనన్న. తాళం వేసిననాడు అన్నం గూడ బంద్ చెయ్యి, తిన్నా ఒంటబట్టదన్నది అవ్వ.

ఆ సారే కొన్ని నిక్కర్లు తెప్పించిండు. తొడల దాకా ఉంటయ్, రెండు పక్కల తుంటి ఎముక మీదికి వచ్చేటట్టు మెత్తటి దిండ్లు కుట్టి ఉంటయ్. పడకుండ ఆపవు గని, పడ్డనాడు దెబ్బను దిండు మింగుతది, ఎముక దాకా పోనియ్యదు, అదీ రాత్రింబవళ్లు తొడుక్కుంటెనే అని చెప్పిండు.

పంచిన మర్నాడు పోయి చూద్దును గదా, ఒక తాత నిక్కరు మడిచి తల కింద పెట్టుకొని గుర్రు కొడుతున్నడు. ఇంకో ముసలామె చుట్టకుదురు చేసి నీళ్ల కుండ కింద పెట్టింది. కుండకు తుంటి లేదు తల్లీ అని మొత్తుకున్న. తిట్టి, బతిమాలి అందరినీ ఎట్లనో దారికి తెచ్చిన. అవ్వ మాత్రం ససేమిరా అన్నది.

సిగ్గేమో అనుకున్న. చీర కింద ఎవరికి కనబడుతది అని నచ్చజెప్పిన. ఉక్కపోతేమో అని మంచం ఫ్యాను కిందికి మార్పించిన. ఊహూఁ. అంతల పువ్వు రాలుడు మొదలైంది. ఒకనాడు నాకు కోపం నషాళానికి అంటింది. గేటుకు అడ్డం నిలబడి, తొడుక్కుంటవా, నా మీది నుంచి పోతవా అని అడిగిన.

అవ్వ నన్ను కింది నుంచి మీది దాకా చూసింది.

"గది తొడుక్కుంటె నా సంచి యాడ కట్టాలె?"

నడుముకు తాడుతోని కట్టుకునే పొగాకు సంచి. నిద్రల గూడ విప్పదు. నిక్కరు పట్టీ సరిగ్గ ఆ తాడు కాడికే వస్తది, పట్టీ మీద సంచి నిలువదు, జారిపోతది. ఓసి నీ ఇల్లు బంగారంగాను, ఇన్నాళ్లు నేను సిగ్గని, ఉక్కని కొట్లాడుతుంటె అసలు పంచాయతి పొగాకుదా! గేటు పట్టుకొని నవ్విన. ఆ పొద్దే టైలర్ దగ్గర సంచిని నిక్కరు పట్టీకే ముందట కుట్టించిన, కుచ్చిళ్ల కాడ చెయ్యి పెడితె అందేటట్టు. దిండ్లను మాత్రం ముట్టనియ్యలే. అవ్వ తొడుక్కొని, ఆకు తీసి, మళ్ల పెట్టి, బాగ పరీక్ష చేసి సరే అన్నది. అటెన్క దాన్ని విప్పించుడే కష్టమైంది. ఇంకో నిక్కరుకు గూడ గసుంటి సంచే కుట్టిస్తె గని ఉతకనీకి ఇయ్యలే.

కొన్నాళ్లకు ఒక పొద్దున టీ గ్లాసు పట్టుకొని గేటు కాడికి పోతున్న. నేను చూస్తుండంగనె అవ్వ కాలు వేరుకు తట్టుకున్నది, ఒక పక్కకు దబ్బున పడ్డది. గంప ఒక దిక్కు, పువ్వు ఒక దిక్కు. పక్క మంచం ముసలామె నా కండ్ల ముందటికి వచ్చింది. గ్లాసు యాడ పారేసిన్నో, ఎట్ల ఉరికిన్నో తెల్వదు. కదలకు అవ్వా, ఎక్కడ నొస్తుందో చెప్పు అని అడుగుతున్న గని, నాకు ఏడుపు ఆగుతలేదు.

అవ్వ ముందుగాల సంచి తడుముకున్నది. తర్వాత ఒక కాలు ముడిచి చాపింది, ఇంకో కాలు ముడిచి చాపింది. నా భుజం పట్టుకొని లేచి కూసున్నది.

"పడ్డది నేనాయె, ఏడుపు నీదేంది బిడ్డా?" అన్నది. "కండ్లు తుడుచుకొని పువ్వు ఏరు. మేకలొస్తయ్."

ఆ పొద్దు గంపెడు పువ్వు నేనే ఏరిన. అవ్వ చెట్టుకు ఒరిగి పొగాకు నములుకుంట, గక్కడొకటి మిగిలింది చూడు అని చెయ్యి చూపిస్తనే ఉన్నది.