పడవ ముక్కులో నా కుడిచేయి

నా చేతులు చిన్నవని పెండ్లిలోనే అందరూ నవ్వారు. "గీ చేతులతోని నాట్లేం ఏస్తది?" అంది ఎల్లారెడ్డిలో ఉండే మా ఆడబిడ్డ. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయే రకాన్నీ కాను.

మా ఆయన పోచారం చెరువులో పటేలు పడవ నడిపేవాడు. ఆ వానాకాలం పడవ ముక్కులోంచి నీళ్లూరి పటేలు బియ్యం బస్తా తడిసింది. "ఇంకొక్క బస్తా తడిసిందా, పడవ వేరేటోనికిస్త," అన్నాడు పటేలు. పని పోతే మా ఆయన కూలి గుంపుతో ఊరు విడిచి పోవాల్సిందే. పెండ్లయి ఏడాదైనా కాలేదు.

పడవను ఒడ్డుకు లాగి ఎండబెట్టాం. ముక్కు దగ్గర పలకలు కలిసే సందు మహా ఇరుకు. ఆయన చేయి మణికట్టు దాటి పోదు. కర్రకు గుడ్డ చుట్టి మైనం రుద్దాడు గానీ, అది పైపైనే అంటింది.

"జరుగు, నేను పెడత," అని చేయి దూర్చాను. గాజులు అడ్డం పడ్డాయి. ఇప్పనూనె పూసుకుని వాటిని తీయబోతుంటే మా అత్త ఉరికొచ్చింది.

"ఏందే! మొగడు నీళ్లల్ల తిరిగెటోడు, నువ్వు చెయ్యి ఉత్తగ చేస్తవా? బుద్ధున్నదా నీకు?"

"పడవ మునిగినంక గాజులుండి ఏం జేసుకోవాలె అత్తా?"

అత్త తన కొంగులోంచి పోగు లాగి, పసుపు రాసి, నా మణికట్టుకు గట్టిగా కట్టింది.

"ఇగ తియ్యి," అంది.

పడవలో బోర్లా పడుకుని భుజం దాకా చేయి దూర్చాను. ఇటుక పొడితో రుద్దితే పాత జిగురంతా ఊడి వచ్చింది. చెక్క నున్నబడ్డాక ఇప్పనూనెలో కరిగించిన వేడి మైనం వేళ్లతో సందులోకి కూరాను. వేళ్లు చురుక్కుమన్నాయి, భుజం పీకింది. "అయ్యిందా?" అని ఆయన అడిగితే, "నీకేం తొందర?" అని కసిరాను. నా గోరుకు ఎక్కడా చీలిక తగలకుండా పోయేదాకా వదలలేదు.

మరునాడు బస్తాలతో పాటు పటేలూ ఎక్కాడు. నేనూ ఎక్కి ముక్కు దగ్గరే కూర్చున్నాను. అవతలి ఒడ్డు చేరాక పటేలు వంగి బస్తాల కింద తడిమి చూశాడు. అరచేతికి దుమ్మంటింది.

"పొడిగనే ఉన్నది! ఇగ పడవ నువ్వే నడుపుపో," అన్నాడు మా ఆయనతో.

నేను సిగ్గు మరిచి ఈల వేశాను. చెరువంతా వినబడే ఉంటుంది.

మరుసటేడు వానలకు ముందు మా అత్తే పసుపుదారం పట్టుకుని వచ్చింది. ఆడబిడ్డ కూడా అప్పుడు ఇంట్లోనే ఉంది.

"రావే చిన్నచేతులదానా, గాజులు తియ్యి," అంది అత్త. "నీ చెయ్యి పడందే పడవ నీళ్లల్లకు దిగది."