నిమ్మతొక్కతో తుడిచిన గొట్టం

దక్షిణ లెబనాన్ కొండల్లో ట్రక్కు దిగేసరికి సాయంత్రం నాలుగు. మంచు మోకాలి దాకా. మన అమెరికా ఆష్‌బర్న్‌లో రెండంగుళాలు కురిస్తే దుకాణాల్లో పాలన్నీ ఖాళీ చేసే మిత్రులారా, అక్కడ ఆవులిస్తే ఆవిరి గడ్డకట్టి బూట్ల మీద టక్కున పడేది.

మర్నాడే పని పడింది. భారత సైన్యం తరఫున శాంతిదళంలో ఉన్నాం. జీపులో నలుగురం: కెప్టెన్, డ్రైవర్, దుబాసీ, రేడియో మోసే నేను. కొండమీది కాపలా గుడిసెలో మావాళ్లిద్దరికి చలిపొయ్యిలో కిరోసిన్ అయిపోయింది; మేం డబ్బాలు చేర్చాలి.

"వేళ్లు కదలట్లేదు. ఎప్పుడొస్తారు?" అంది రేడియో.

దారి ఒక్కటే. ద్రూజ్ అనే కొండ మతంవాళ్ల చిన్న పల్లె మధ్య నుంచి. అక్కడ ట్రాక్టర్ అడ్డం పెట్టారు. పక్క లోయలో గుండ్లు పడుతున్నాయి. ఊరిపెద్ద, తెల్లటోపీ షేక్ బయటికొచ్చాడు. ఆయన మీసం ఒక్కో కొసకు ఒక్కో తుపాకీ తగిలించొచ్చు.

"మీ బండిని చూసి మా ఇళ్ల మీద గుండ్లు వేస్తారు," అన్నాడు. దుబాసీ తర్జుమా చేశాడు. "ముందు కూర్చోండి. టర్కీ సుల్తాను సిపాయిలూ, ఫ్రెంచివాళ్లూ ఈ గదిలోనే కూర్చున్నారు. మా తాత అర్జెంటీనాలో మూటలు మోసి, వస్తూ అక్కడివాళ్లు టీలా తాగే ఈ మాతె ఆకు తెచ్చాడు. మాతో కలిసి తాగినవాడు ఇంటిమనిషి. ఇంటిమనిషికి దారి ఆపం."

ఎండు సొరబుర్రలో మరిగే ఆకు కషాయం. అందరికీ ఒకటే ఇనుప గొట్టం. కెప్టెన్ జుర్రేశాడు. నా వంతు.

ఎంగిలి! మా ఇంట్లో ఎంగిలి గ్లాసు ముట్టినవాణ్ణి రెండు కాలువల్లో ముంచి, మూడోదాంట్లో జాడించేవారు.

"అన్నా, కండ్లు మూసుకొని గుంజెయ్," గొణిగాడు డ్రైవర్, మన కరీంనగర్ కుర్రాడే. "మీద ఇద్దరున్నరు."

నేను తెలివిగా గొట్టం పీకేశాను. సొరబుర్ర పైకెత్తి, చెంబులో నీళ్లలా గొంతులో పోసుకోబోయాను. ఆకుముద్ద మొత్తం గడ్డం మీద పడింది.

తమ గొట్టాన్ని అవమానించానని గోడవారన కూర్చున్న ఊరి యువకులు లేచి నిలబడ్డారు.

"చంపావు కదరా," అన్నాడు కెప్టెన్, పెదవులు కదలకుండా.

"హలో? ఉన్నారా?" రేడియోలో గొంతు సన్నబడింది.

షేక్ నవ్వలేదు. కోప్పడనూ లేదు. కొత్త ఆకు వేశాడు. నీళ్లు పోశాడు. గొట్టం గుచ్చాడు. ఎక్కడో గుండు పడి కిటికీ అద్దాలు వణికాయి. ఆయన నిమ్మకాయ తొక్క తీశాడు. గొట్టం మూతిని చుట్టూ తుడిచాడు. నాకందించాడు.

అమ్మకు మనసులో క్షమాపణ చెప్పుకుని తాగాను. బుర్ర అడుగు గరగరమనే దాకా.

షేక్ చెయ్యి ఊపాడు. ట్రాక్టర్ పక్కకు జరిగింది. చీకటి పడకముందే కిరోసిన్ పైకి చేరింది. ఇద్దరి వేళ్లూ దక్కాయి.

ఇప్పుడు ఆష్‌బర్న్‌లో నా కూతురు స్ట్రాతో తాగే బోబా టీ కనిపిస్తే ఆగలేను. ఒక గుక్క లాగేస్తాను.

"నాన్నా, గ్రోస్! ఛీ, అది నా స్ట్రా!"

నిమ్మకాయ కోసం ఫ్రిజ్ తెరుస్తాను. అద్దాలు వణుకుతున్న ఆ గదిలో, వణకని ఆ ముసలి వేళ్లు కనిపిస్తాయి.